కొలిమి గదిలో కిటికీ

మా వీధిలో మా నాన్నని ఎవరూ పేరు పెట్టి పిలవరు. "ఏదీ మేస్త్రి" అంటారు. ఎవరేం చెప్పినా ఆయన నోట ముందుగా వచ్చే మాట "ఏదీ, చూపించు" అన్నది కనక ఆ పేరు స్థిరపడిపోయింది. వాన పడేట్టుందంటే బయటికొచ్చి చెయ్యి చాపి చూస్తాడు. పాలు చిక్కగా ఉన్నాయంటే గోటి మీద చుక్క వేసుకుని చూస్తాడు. పక్కింటావిడ మనవడు పుట్టాడని సంబరంగా చెప్పడానికొస్తే "ఏదీ" అన్నాడట. ఆవిడ నెల్లాళ్ళు మా గుమ్మం తొక్కలేదని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. తాళం వేసి మూడుసార్లు లాగుతాడు. నాలుగోసారి లాగడానికి వీధి చివరి నుంచి వెనక్కొస్తాడు.

ఈ రోగం ఆయనకి ఉక్కు వల్ల పట్టిందని నా నమ్మకం. నాన్నది జేబు చాకులు చేసే పని. ఉక్కు చూపుకి ఏమీ చెప్పదు. మంచిదీ చెడ్డదీ ఒకేలా మెరుస్తాయి. ముప్ఫై ఏళ్ళు అలాంటి సరుకుతో కాపరం చేసినవాడు మనుషుల్ని మాత్రం మొహం చూసి నమ్ముతాడా?

మా కొట్టులో మూడు రకాల ఉక్కుతో చాకులుండేవి. మామూలు కార్బన్ ఉక్కు తుప్పు పడుతుంది, కానీ సానరాయి మీద నాలుగు రుద్దులకే వెంట్రుక తెగే పదును వస్తుంది. బేరింగు ఉక్కుకి పదునెక్కించాలంటే చేతులు పడిపోతాయి, ఎక్కిందంటే మాత్రం నెలల తరబడి దిగదు. ఇక స్టెయిన్‌లెస్, నిమ్మకాయ కోసి కడక్కుండా మడిచి జేబులో పడేసుకునే బద్ధకస్తుల కోసం. దానికి కావలసిన వేడి, అంత కచ్చితంగా, మా బొగ్గుల కొలిమిలో నిలవదు. అందుకని ఆ అలుగులు, అంటే చాకులో కోసే రేకులు, బయట కాల్పించి తెచ్చేవాడు. తన చేత్తో కాల్చనివి కాబట్టి వాటిని ఇంటికొచ్చిన కొత్త అల్లుడిని చూసినట్టు, మర్యాదగా, దూరంగా చూసేవాడు.

ఒకసారి ఒక పెద్దమనిషి తళతళలాడే చాకు తెచ్చి, అలుగు మీద అచ్చేసిన అక్షరాలూ అంకెలూ చూపించి, "మేస్త్రీ, ఈ ఉక్కు ముందు మీ ఉక్కు ఎంత?" అన్నాడు.

నాన్న కళ్ళజోడు సవరించుకుని ఆ అంకెలు రెండుసార్లు చదివాడు. "ఇది ఉక్కు నంబరు బాబూ. బాగుంది. దీన్ని కాల్చినవాడి నంబరేదీ?" అన్నాడు.

పెద్దమనిషి నవ్వాడు గానీ నాన్న నవ్వలేదు. ఆయన లెక్కలో ఉక్కు సగమే. మిగతా సగం కాల్చడంలో ఉంది. ఎర్రగా కాలిన అలుగుని గోరువెచ్చటి నూనెలో ముంచితే గాజంత గట్టిగా, గాజంత పెళుసుగా అవుతుంది. దాన్ని తుడిచి మళ్ళీ సన్నటి సెగ మీద కాస్తే మెల్లగా ఎండుగడ్డి రంగుకొస్తుంది. అప్పుడు పెళుసుతనం తగ్గి గట్టితనం నిలుస్తుంది. మొదటిసారి వేడి చాలకపోతే అంచు సీసంలా వంగిపోతుంది, ఎక్కువైతే చిట్లిపోతుంది. ఒకే కడ్డీ నుంచి తీసిన రెండు చాకుల్లో ఒకటి పదేళ్ళు బతకచ్చు, ఇంకోటి పది రోజుల్లో పోవచ్చు. ఆ వేడిని నాన్న దేనితోనూ కొలవడు. కంటితో చూస్తాడు. అలుగు పండు మిరపకాయ ఎరుపుకి రాగానే తీస్తాడు. ఆ ఎరుపు విషయంలో మాత్రం తన కంటిని ఏనాడూ "ఏదీ" అనలేదు.

మా పనిచోటు రెండు గదులు. వెనక గదిలో కొలిమి, నాన్న. వీధి వైపు గదిలో చక్రం, మా మావయ్య. అంటే అమ్మకి తమ్ముడు. నేను పుట్టిన ఏడు వచ్చి చేరాడు. కాల్చిన అలుగుల్ని చక్రం మీద అరగదీసి, అంచు తీసి, పిడి బిగించి, మడత సరిగ్గా పడేట్టు చెయ్యడం ఆయన వంతు. నూనె రాసి, పెట్టెలో పెట్టి, గల్లా దగ్గర కూర్చుని అమ్మడం నా వంతు. మావయ్యది మితభాషి జాతి. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు చక్రంతో.

వెనక గది ఎప్పుడూ చీకటిగా ఉండేది. తలుపూ, పొగ పోయే పైకప్పు సందూ తప్ప కంత లేదు. నాన్నకి పని నేర్పిన గురువు గది కూడా అలాగే ఉండేదట. "మా గురువుగారు మహా గుట్టు మనిషి. కాల్చే కిటుకు ఎవరి కంటా పడకూడదని అన్నీ మూసేవాడు" అని నాన్న మెచ్చుకుంటూ చెప్పేవాడు. ఆయన్ని చూసి తానూ మూశాడు. ఎందుకు మూశారని గురువుని అడగలేదు. కారణం ఏదైనా కనపడకపోతే, అది అనుమానమే అయ్యుంటుందని మా నాన్నకి తోచడం సహజం.

గొడవ నర్సరీ ఆయనతో మొదలైంది. మొక్కలకి అంట్లు కట్టుకునే మనిషి, మా దగ్గర పాత ఖాతాదారు. ఒక రోజు ముక్కు విరిగిన చాకు తెచ్చి గల్లా మీద పెట్టాడు. చిన్న రెమ్మ కోస్తుంటే విరిగిందన్నాడు. అలుగు మీద నీలం రంగు మరక ఉంది. రంగు డబ్బా మూత లేపడానికి వాడి ఉంటాడని నాకు అప్పుడే అనిపించింది. తన చాకు రెమ్మకి విరగడమేమిటని నాన్నకి మాత్రం తల కొట్టేసినట్టయింది. మారు మాట్లాడకుండా కొత్తది ఇచ్చి పంపాడు.

ఆ సాయంత్రమే మావయ్య బల్ల కింద మనది కాని ఇనప పట్టీ ఒకటి నాన్న కంట పడింది. చవక రకం, మెత్తటిది. మావయ్య తన గది తలుపు బందు బాగుచేసుకోవడానికి తెచ్చుకున్నాడు. ఆ సంగతి చాలా తర్వాత తెలిసింది. అప్పుడు నాన్న ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఊరందర్నీ "ఏదీ" అనే మనిషి ఆ రోజు ఆ మాట మింగేశాడు.

రాత్రి భోజనాల దగ్గర గొంతు తగ్గించి అన్నాడు. "మన అలుగు అక్కడ తీసి, చవకది ఇక్కడ పెడుతున్నాడేమో."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవరు? మా వాడా? మీకేమైనా మతి పోయిందా?"

"నేను పెడుతున్నాడనలేదే. ఏమో అన్నాను."

"మీ 'ఏమో' నాకు తెలీదా!" అంటూ అమ్మ లేచి వెళ్ళిపోయింది. నేను లేవలేదు. కూర్చుని విన్నాను.

రెండు రోజుల తర్వాత నాన్న రెండు గదుల మధ్య గోడకి జానెడు చదరం కన్నం కొట్టాడు. కొలిమికి ఎదురుగా, నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో. పొగ పోవడానికని మావయ్యకి చెప్పాడు. తను చేరినప్పట్నుంచీ ఇరవై రెండేళ్ళుగా పైకప్పు సందులోంచి బుద్ధిగా పోతున్న పొగకి ఇప్పుడు కొత్త దారి ఎందుకో మావయ్య అడగలేదు. ఒకసారి ఆ కన్నం వైపు, ఒకసారి నాన్న వైపు చూసి చక్రం తిప్పుకున్నాడు.

వీధి వెలుతురు ఆ కిటికీలోంచి నేరుగా కొలిమి మీద పడేది. నాన్న అలుగు కాలుతున్నంతసేపూ ఒక కన్ను నిప్పు మీద, ఒక కన్ను మావయ్య చేతుల మీద పెట్టి నిలబడేవాడు. మధ్యాహ్నం ఆయన నడుం వాలిస్తే ఆ కాపలా నాది. నిజం చెప్పాలంటే నాన్న కంటే నేనే ఎక్కువ చూశాను. చాటు నుంచి ఒక మనిషిని చూడటంలో ఒక రుచి ఉంటుంది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మావయ్య వంగితే ఎందుకు వంగాడా అని, లేస్తే ఎక్కడికా అని, సంచి పక్కకి జరిపితే అందులో ఏముందా అని. సంచిలో అన్నం డబ్బా, తువ్వాలు ఉండేవి. ఆ తువ్వాలు మడతలో ఏముందోనని కూడా ఒకసారి తీసి చూశాను.

కిటికీ పెట్టిన మూడు వారాలకి చాకులు నిజంగానే తిరిగి రావడం మొదలైంది. మొదట ఒకటి, తర్వాత రెండు, రెండో నెలలో ఏకంగా ఆరు. అన్నీ కార్బన్ ఉక్కువీ బేరింగు ఉక్కువీ. అంచులు పంటి గాట్లు పడ్డట్టు చిట్లిపోయి ఉన్నాయి. విచిత్రంగా బయట కాల్చిన స్టెయిన్‌లెస్ ఒక్కటి కూడా రాలేదు. ఆ తేడా మా కళ్ళ ముందే ఉంది. "చూశావా, తన దగ్గరున్న చవక రకంతో పోలని ఉక్కుని ముట్టుకోవడం లేదు, ఎంత తెలివి!" అన్నాడు నాన్న. నాకు అదీ నిజమేననిపించింది.

ఒక పొద్దున మావయ్య అలుగు ఒకటి పట్టుకుని వెనక గది గుమ్మంలోకొచ్చాడు.

"బావా, వేడి ఎక్కువవుతోందేమో చూడు. చక్రం మీద పెడితే అంచు రాలుతోంది."

"నా వేడి సంగతి నాకు తెలుసులే" అన్నాడు నాన్న.

"నీకు తెలీదనలేదు బావా. ఓసారి చూడమంటున్నా."

"ముప్ఫై ఏళ్ళుగా అదే కన్ను, అదే ఎరుపు. మారిందేదో ఇక్కడ మారలేదు."

మావయ్య ఆ అలుగు పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు. "నెపం నా మీదకి తోస్తున్నాడు, గమనించావా?" అన్నాడు నాన్న నాతో. గమనించానన్నాను.

ఇక లాభం లేదని నాన్న ఉచ్చు పన్నాడు. కొత్తగా కాల్చబోయే ఇరవై అలుగులకి, పిడిలో దాక్కునే తోక భాగంలో, సూదిమొన ఉలిని సుత్తితో కొట్టి చిన్న చుక్క వేశాడు. అలుగు మారితే చుక్క ఉండదు. అప్పుడు దొంగ దొరుకుతాడు.

పది రోజులకి నర్సరీ ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి మరక లేదు. నిజంగా రెమ్మ కోస్తుంటేనే అంచు పోయింది, ఆకుపచ్చ రసం ఇంకా ఎండలేదు. "మేస్త్రీ, మీ చాకుకేమొచ్చింది?" అన్నాడు పాపం, బాధగానే.

నాన్న మొహం ఎర్రబడింది. "నా గదిలోంచి మంచి ఉక్కే వెళుతోంది బాబూ. మధ్యలో మారుతోంది" అన్నాడు. గట్టిగానే అన్నాడు. చక్రం ఆగిపోయింది.

మావయ్య లేచాడు. చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. చక్రం ఇరుసు విప్పి తన రాయి తీసుకున్నాడు. అది ఆయన వచ్చేటప్పుడు తెచ్చుకున్నది. సంచి భుజాన వేసుకుని, ఇంట్లోకి తొంగి చూసి, "అక్కా, వెళ్ళొస్తా" అన్నాడు. అమ్మ బయటికొచ్చేసరికి వీధి మలుపు తిరిగాడు.

నర్సరీ ఆయన వెళ్ళాక నాన్న ఆ చాకు పిడి ఊడగొట్టాడు. తోక మీద చుక్క ఉంది. తను వేసిన చుక్కే, తను వేసిన చోటే. చాలాసేపు దాన్ని వేలితో తడిమి, "చుక్క వెయ్యడం ఎంతసేపు, వాడికీ ఉంది సుత్తి" అన్నాడు. నేను అప్పుడు కూడా తల ఊపాను.

మాట కొలిమి కంటే త్వరగా రాజుకుంటుంది. నాన్న ఒక్కసారే అన్నాడు, బజారు వందసార్లు అంది. ఉక్కు కొట్టు ఆయనకి తెలిసింది, అవతలి వీధి చాకుల కొట్టుకి తెలిసింది. మావయ్య అక్కడికి పనికి వెళితే "మాకిప్పుడు మనిషి అక్కర్లేదులే" అన్నారట. ఇంకోచోట లోపలికే రానివ్వలేదట. ఇరవై రెండేళ్ళు ఆయన చేత్తో తీసిన అంచులు ఊరందరి జేబుల్లో ఉన్నాయి. అయినా ఉక్కు మార్చేవాడన్న పేరు ముందు అవేవీ పనికి రాలేదు. చివరికి దర్జీల సందు మొదట్లో కాలితో తొక్కే చక్రం పెట్టుకుని కత్తెరలు సాన పడుతున్నాడని అమ్మ కనుక్కొచ్చింది. వచ్చి నాన్నతో మాట్లాడటం మానేసింది.

మర్నాడు అమ్మ చెక్క పలకా, నాలుగు మేకులూ పట్టుకుని వెనక గదిలోకి వచ్చింది. కిటికీకి పలక అడ్డం పెట్టి దడదడా మేకులు కొట్టింది.

"ఏంటిది?" అన్నాడు నాన్న.

"చూడాల్సినవాడు వెళ్ళిపోయాడుగా. ఇంకెవర్ని చూస్తారు, ఖాళీ బల్లనా?" అంది. నెల రోజుల్లో ఆవిడ ఆయనతో అన్న మాట అదొక్కటే.

గది మళ్ళీ చీకటైంది. నాన్న కాల్చాడు. మావయ్య పని నేనే వచ్చీ రానట్టు చేశాను. నా చేతి అంచులు వంకరగా ఉన్నాయి గానీ రాలలేదు. ఒక వారం, రెండు వారాలు గడిచాయి, ఒక్క చాకూ తిరిగి రాలేదు. మరొకరైతే సంతోషించేవారు. నాన్నకి ఆ మంచి మీద కూడా అనుమానమొచ్చింది. దొంగ పోయాడు కనక ఉక్కు నిలుస్తోంది అనుకుంటే లెక్క సరిపోతుంది. ఆ చుక్క మాత్రం ఆయన్ని కంట్లో నలుసులా తినేస్తోంది. చుక్క ఉన్న అలుగులు ఇంకా తొమ్మిది మిగిలాయి. అవి ఎవరి చేతికీ వెళ్ళలేదు, కాల్చిన దగ్గర్నుంచీ తన పెట్టెలోనే తాళం వేసి ఉన్నాయి. ఒక పొద్దున వాటిలో ఒకటి తీసి బల్లకున్న ఇనప పట్టులో బిగించి సుత్తితో కొట్టాడు. పుల్లలా విరిగింది. మరొకటి, ఇంకొకటి, తొమ్మిదీ అలాగే విరిగాయి.

విరిగిన చోట ఉక్కు ఉప్పు పలుకుల్లా తళుకుమంటోంది. ఆయన వాటిని పట్టుకుని గడపలో కూర్చున్నాడు. తర్వాత లేచి, కొత్త బేరింగు కడ్డీ ఒకటి తీసి రెండు ముక్కలు కోశాడు. ఒక ముక్క ఆ చీకట్లోనే కాల్చి నూనెలో ముంచాడు. తర్వాత మేకులు పీకి పలక తీసేశాడు. వెలుతురు కొలిమి మీద పడింది. రెండో ముక్క పెట్టాడు.

నేను పక్కనే ఉన్నాను. ముక్క ఎరుపెక్కింది. నాకైతే ఆ ఎండ వెలుగులో అది ఇంకా నల్లెరుపుగానే కనిపించింది. నాన్నకీ అంతే అయ్యుంటుంది. బొగ్గులు ఎగదోశాడు, ఇంకా ఎగదోశాడు. తను ఎరిగిన మిరపకాయ ఎరుపు వచ్చేదాకా ఆగి, తియ్యబోతూ, నాతో అన్నాడు: "పలక పెట్టు."

పెట్టాను. గది చీకటి కాగానే ఆ ముక్క మిరపకాయలా లేదు. నారింజ పండులా మండుతోంది. వెలుతురులో చూసిన ఎరుపు ఎరుపు కాదు. ఆ వెలుతురు మింగేసిన వేడినంతా మేం మూడు నెలలుగా ఉక్కుకి అదనంగా పోస్తూ వచ్చాం. దాన్నీ నూనెలో ముంచి, రెండు ముక్కల్నీ సన్నటి సెగ మీద ఎండుగడ్డి రంగుకి కాచి, చల్లారాక విరగ్గొట్టాడు. మొదటిది మొండికేసి, వంగి వంగి విరిగింది, విరిగిన చోట బూడిదలా సన్నగా ఉంది. రెండోది టప్పున పోయింది, అంతా ఉప్పు పలుకులే. ఆయన నమ్మలేదు, మళ్ళీ చేశాడు. మూడోసారి చేసేటప్పుడు ముక్కలు నేనేమైనా మార్చానేమోనని నా చేతులు కూడా చూశాడు.

"మా గురువు దాచుకోలేదే. ఎరుపు కనపడటానికి మూశాడు" అన్నాడు చివరికి. అని ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేనప్పుడే చూశాను. అమ్మ గుమ్మంలో నిలబడి వింది. "నాకెందుకు చెబుతారు? వెళ్ళి వాడికి చెప్పండి. ముందు మీరు ఎవరెవరితో అన్నారో వాళ్ళందరికీ చెప్పండి" అంది.

చెప్పాడు. అది మాత్రం దాచకుండా చెప్పాలి. విరిగిన ముక్కలు గుడ్డలో కట్టుకుని ముందు నర్సరీకి, తర్వాత ఉక్కు కొట్టుకి, ఆ తర్వాత మావయ్యని వద్దన్న చాకుల కొట్టుకి వెళ్ళాడు. ప్రతిచోటా గుడ్డ విప్పి, "ఉక్కు మారలేదు, మా బావమరిది ఏ తప్పూ చెయ్యలేదు, నేనే కాల్చి పాడుచేశాను" అన్నాడు. చాకుల కొట్టు ఆయన ముక్కలు చూసి, "అయ్యో, అతనికిక్కడ పని లేదనేశామే" అన్నాడు. నాన్న గుడ్డ మళ్ళీ ముడేసుకున్నాడు.

చివరికి దర్జీల సందుకి వెళ్ళాం, నాన్నా నేనూ. మావయ్య చక్రం తొక్కుతూ కత్తెర సాన పడుతున్నాడు. చిక్కిపోయాడు. నాన్న అరుగు మీద గుడ్డ పరిచి రెండు ముక్కలు పెట్టాడు. కిటికీ సంగతి, వెలుతురు సంగతి, చుక్క సంగతి, తాళం పెట్టె సంగతి అన్నీ చెప్పాడు. "నువ్వు అప్పుడే చెప్పావు. నేను వినలేదు. తప్పు నాది, రా" అన్నాడు.

మావయ్య ఉప్పు పలుకుల ముక్కని బొటనవేలితో రాసి పక్కన పెట్టాడు. "రాయి మీద పెట్టిన రోజే తెలిసింది బావా. ఇంకోసారి చెబితే దొంగ మాట మారుస్తున్నాడనుకుంటావని ఊరుకున్నా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని నాకనిపించింది.

తర్వాత నా వైపు తిరిగాడు. నాన్నని దాటుకుని, నా వైపే.

"నువ్వూ చూసేదానివిగా అమ్మాయీ, ఆ కిటికీలోంచి. మధ్యాహ్నాలు."

"ఆ, చూశాను మావయ్యా."

"ఏం కనపడింది?"

"అలుగులు అరగదీస్తూ కనపడ్డావు."

"ఇంకా?"

"ఇంకేం లేదు. అన్నం తినేవాడివి. మళ్ళీ పని చేసేవాడివి."

"మూడు నెలలూ అంతేనా?"

"అంతే."

"మరి ఆ మాట మీ నాన్నకెందుకు చెప్పలేదు?"

నాన్న కూడా నా మొహంలోకి చూశాడు. ఆయన అనుమానాలన్నిటికీ తల ఊపి, వెనకాల నవ్వుకుని, వీధంతా ఆయన్ని వేళాకోళం చేస్తుంటే నేనూ చేసినదాన్ని. ఏదైనా అబద్ధం చెబుదామనుకున్నాను. వాళ్ళిద్దరి ముందూ నోరు రాలేదు.

"ఇవాళ కాకపోతే రేపు మారుస్తావనుకున్నా మావయ్యా" అన్నాను.

మావయ్య పక్కనున్న కత్తెర అందుకుని చక్రం తొక్కడం మొదలుపెట్టాడు.